పొయ్యి దగ్గర నిలబడే కాళ్లకు కంప్రెషన్ సాక్స్: నాలుగేళ్ల వాడకం తర్వాత

మాది కాకినాడలో కర్రీ పాయింట్. తెల్లవారుజామున 5 గంటలకు పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నం 2 దాటేదాకా కూర్చునే వీలుండదు. సాయంత్రం మళ్లీ 5 నుంచి 9 వరకు. పద్నాలుగేళ్లు అలా నిలబడ్డాక ఎడమ పిక్క మీద నరాలు మెలికలు తిరిగి పైకి తేలాయి. వాడుకలో నరాలు అంటాం గానీ అవి సిరలు, కాళ్ల నుంచి రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకెళ్లే గొట్టాలు. రాత్రి దుకాణం కట్టేశాక చీలమండ పైన బొటనవేలితో నొక్కితే గుంట పడేది, అది పూడటానికి చాలాసేపు పట్టేది. వారంలో మూడు నాలుగు రాత్రులు పిక్క పట్టేసి లేచి కూర్చునేదాన్ని. చీలమండ లోపలి వైపు చర్మం నల్లబడి దురద పెట్టేది. పొయ్యి వేడి పడక అనుకుని కొబ్బరినూనె రాసుకుంటూ గడిపాను.

ఇప్పుడు నాలుగేళ్లుగా రోజూ కంప్రెషన్ సాక్స్, అంటే కాలిని గట్టిగా నొక్కి పట్టుకునే సాగే మేజోళ్లు, వేసుకుంటున్నాను. ఇది ఏడో జత. మొదటి మూడు జతలకూ పెట్టిన డబ్బు వృథా అయింది. వాటి వల్ల నొప్పి తగ్గకపోయేసరికి, ఈ సాక్స్ మనకు పడవు అని మానేసేదాన్నే. బట్టల షాపుల్లో పనిచేసే ఆడపిల్లలు, టీచర్లు, నర్సులు, సెలూన్లో రోజంతా నిలబడేవాళ్లు చాలామంది అలాగే మానేసి ఉంటారు. వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటిది ఆన్‌లైన్‌లో 399 రూపాయలకు కొన్నాను. ఫ్రీ సైజు. ప్యాకెట్ మీద ఎంత ఒత్తిడి ఇస్తుందో అంకె ఎక్కడా లేదు. పాదం దగ్గర వదులు, మోకాలి కింద మాత్రం దారం కట్టినంత బిగుతు. సాయంత్రం తీస్తే అక్కడ ఎర్రటి చార పడి, దాని కింద వాపు ఇంకా పెరిగి కనిపించేది. ఉండాల్సిన తీరు దీనికి సరిగ్గా తలకిందులు. మంచి సాక్స్ చీలమండ దగ్గర గట్టిగా పట్టుకుని, పైకి వచ్చేకొద్దీ వదులవ్వాలి. అప్పుడే రక్తం పైకి కదులుతుంది.

రెండోది ఒక మెడికల్ షాపులో ఇచ్చారు. తెల్లగా, తొడ దాకా ఉండేవి. మూడు వారాలు వేసుకున్నాను. తర్వాత తెలిసింది, అవి ఆపరేషన్ అయి మంచం మీద పడుకునే రోగులకు రక్తం గడ్డకట్టకుండా వేసేవి. పడుకున్న మనిషికి తక్కువ ఒత్తిడి చాలు. నడిచే, నిలబడే మనిషికి అది సరిపోదు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి అడిగి తీసుకోండి.

మూడో జతకు ముందు వాస్కులర్ సర్జన్ (రక్తనాళాల డాక్టర్) దగ్గరకు వెళ్లాం. ఆయన సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూపించే డాప్లర్ స్కాన్ చేయించి, నిలబడమని చూసి, పాదాల మీద నాడి కూడా పట్టుకుని చూశారు. చాలా సులువుగా అర్థమయ్యేలా చెప్పారు. సిరల్లో రక్తం కిందికి జారకుండా తలుపుల్లాంటి చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. నడిచినప్పుడల్లా పిక్క కండరం బిగుసుకుని, సిరను పిండి, రక్తాన్ని పైకి తోస్తుంది. కదలకుండా నిలబడితే ఆ పంపు పనిచేయదు. అప్పుడు చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి 80, 90 దాకా ఉంటుందట, బాగా నడిస్తే 30 లోపుకు దిగుతుందట. బీపీ కొలిచే లెక్కే ఇది. నావి పాడైన కవాటాలు, పైగా నేను నిలబడే మనిషిని. రెండూ కలిసి ఇలా అయింది. ఆయన రాసింది క్లాస్ 2 (ఒత్తిడిని బట్టి సాక్స్‌కి ఇచ్చే తరగతుల్లో రెండోది), మోకాలి దాకా ఉండేది, 23 నుంచి 32 మిల్లీమీటర్ల ఒత్తిడి.

అది విన్నప్పుడు నాకు కోటిపల్లి రేవు గుర్తొచ్చింది. కార్తీక మాసంలో గోదావరి స్నానానికి వెళ్తే నడుం లోతు నీళ్లలో నిలబడినంతసేపూ కాళ్లు నావి కానంత తేలిగ్గా ఉండేవి. పుణ్యం అనుకునేదాన్ని. పుణ్యమే కావచ్చు, దానితో పాటు నీళ్ల ఒత్తిడి కూడా ఉంది. లోతు పెరిగేకొద్దీ నీరు ఎక్కువగా నొక్కుతుంది, అంటే పాదం దగ్గర ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ తక్కువ. అమెరికాలో కాన్రాడ్ జోబ్‌స్ట్ అనే ఇంజనీరుకు కూడా కాళ్ల సిరల జబ్బు ఉండేది. ఈత కొలనులో నిలబడితే హాయిగా ఉండటం గమనించి, ఆ నీళ్ల ఒత్తిడినే బట్టలోకి తేవాలని 1950 ప్రాంతంలో ఈ రకం సాక్స్ తయారు చేశాడు. ఆ సంగతి తెలిశాక వీటి మీద నాకు నమ్మకం కుదిరింది. తనకు నొప్పి ఉన్న మనిషి తన కోసం కనిపెట్టుకున్న వస్తువు కదా.

అయినా మూడో జతా పాడు చేసుకున్నాను. క్లాస్ సరైనదే, కొలత తప్పు. రాత్రి 9 గంటలకు దుకాణం కట్టేసి అలాగే షాపుకు వెళ్లి కొలిపించుకున్నాను. వాచిన కాలికి కొలిస్తే చీలమండ 24 సెంటీమీటర్లు దాటింది. ఆ సైజు తెచ్చుకుంటే పొద్దున వాపు లేని కాలికి అది వదులైంది. పది గంటలకల్లా జారి చీలమండ దగ్గర ముడతలు పడేది. ఆ ముడత ఉన్నచోట చర్మం కమిలిపోయింది.

అందుకే గట్టిగా చెబుతున్నాను, కొలత పొద్దున నిద్ర లేవగానే తీసుకోవాలి. పక్కింటి టైలరమ్మ టేపు తెచ్చి మా ఆయన కొలిచారు. చీలమండ ఎముకకు కాస్త పైన, కాలు అన్నిటికంటే సన్నగా ఉన్నచోట ఒకటి. పిక్క అన్నిటికంటే లావుగా ఉన్నచోట ఒకటి. నేల నుంచి మోకాలి వెనక మడత వరకు పొడవు ఒకటి. నాకు చీలమండ 22, పిక్క 39 వచ్చాయి. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఒక కంపెనీ పట్టికలో ఈ కొలతలకు మీడియం, ఇంకో కంపెనీ పట్టికలో లార్జ్. మీకు ఎప్పుడూ మీడియమే కదా అని కంపెనీ మారినప్పుడు కూడా అదే తెచ్చుకోకండి. నేను కంపెనీ పేర్లు రాయకపోవడానికీ కారణం ఇదే. నా కాలికి కుదిరింది మీ కాలికి కుదరాలని లేదు. రెండు కాళ్లూ ఒకేలా ఉండవు కాబట్టి రెండూ కొలవండి.

నాలుగో జత నుంచి నా బతుకు మారింది. 1,850 రూపాయలు అయింది. నైలాన్ రకం, పలచగా, ముందు వైపు వేళ్లు బయటకు ఉండేది. మొదటి వారం కాలిని ఎవరో రెండు చేతులతో పట్టుకున్నట్టు ఉండేది. పదో రోజుకు అలవాటైంది. మూడో వారంలో ఒక రాత్రి లేవకుండా తెల్లారేదాకా పడుకున్నాను. పిక్క పట్టేయలేదని పొద్దున గుర్తొచ్చి, ఆ మాట మా ఆయనతో చెబుతుంటే కళ్లలో నీళ్లు వచ్చాయి.

తర్వాత వేసవి వచ్చింది. కాకినాడ ఉక్క ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, దానికి తోడు పొయ్యి. నైలాన్ లోపల చెమట పొక్కులు లేచాయి. అప్పుడు నూలు కలిసిన రకానికి మారాను. కాస్త మందం, చెప్పుల్లో నిండుగా అనిపిస్తుంది, వేసుకోవడానికి బలం ఎక్కువ కావాలి. కానీ చెమట పీలుస్తుంది, గీరుకోదు. ఇప్పటికీ అదే వాడుతున్నాను. ఏసీలో పనిచేసేవాళ్లకు పలచని రకం బాగుంటుందేమో గానీ వంట పనికి, ఎండలో తిరిగేవాళ్లకు నూలు కలిసిందే నా ఓటు. తొడ దాకా వచ్చేవి కూడా ఒకసారి ప్రయత్నించాను. పైన జారకుండా ఉండే సిలికాన్ పట్టీ దగ్గర దద్దుర్లు వచ్చాయి. పైగా పీట మీద కూర్చున్నా, గొంతుకూర్చున్నా మోకాలి వెనక మడత పడి కోసుకుపోయింది. డాక్టర్ మోకాలి దాకా చాలన్నప్పుడు అంత పొడవు మనకెందుకు.

వేసుకోవడం అసలు కష్టం. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. మంచం దిగకముందే, వాపు రాకముందే వేసుకోమంటారు. మాకేమో స్నానం చేయకుండా పొయ్యి ముట్టుకునే అలవాటు లేదు. డాక్టర్‌ని అడిగితే, స్నానం అయ్యాక పడుకుని కాళ్లు ఎత్తుమీద పెట్టి 15 నిమిషాలు ఉండి వేసుకోమన్నారు. కాబట్టి 4 గంటలకే లేస్తున్నాను. కాళ్లు పూర్తిగా తుడుచుకుని కాస్త పౌడరు చల్లుకుంటాను. నూనె, క్రీము రాత్రి సాక్స్ తీశాకే. నూనె తగిలితే సాగే దారం తొందరగా పాడవుతుంది. సాక్స్‌ని మడమ దాకా తిరగేసి, పాదం అందులో దూర్చి, మడమ కుదిరాక మిగతాది కొంచెం కొంచెంగా పైకి లాగాలి. గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు వేసుకుంటే పట్టు దొరుకుతుంది, గోళ్లు తగలవు. పైన మిగిలిందని మడత పెట్టకూడదు, ఆ మడత రెట్టింపు బిగుతు అవుతుంది.

మన ఆడవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి మెట్టెలు. నాలుగో జత మెట్టెలకు తగులుకుని ఐదు నెలలకే దారం లేచిపోయింది. మెట్టెలు తీయడం నాకు ఇష్టం లేదు. ఇప్పుడు పలచని ప్లాస్టిక్ కవరు పాదానికి తొడిగి, దాని మీద నుంచి సాక్స్ లాగి, వేళ్ల దగ్గరున్న సందులోంచి కవరు బయటకు లాగేస్తున్నాను. జర్రున జారిపోతుంది, మెట్టెలకు తగలదు. వేళ్లు మూసి ఉండే రకానికి ఈ ఉపాయం పనికిరాదు, అందుకే నేను వేళ్లు బయటకు ఉండేదే కొంటాను. పట్టీలు మాత్రం తీసేశాను, సాక్స్ కింద అచ్చు పడుతున్నాయి.

ఉతకడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. రోజూ రాత్రి మామూలు నీళ్లలో, ఘాటు లేని సబ్బుతో చేత్తో ఉతుకుతాను. పిండను, తువ్వాలులో చుట్టి నొక్కి నీడన ఆరేస్తాను. వానాకాలంలో నూలు రకం ఒక్క రాత్రిలో ఆరదు, రెండు జతలు తప్పనిసరి. రోజూ వాడే జత ఆరు నెలల తర్వాత పట్టు కోల్పోతుంది. చూడటానికి కొత్తదిలాగే ఉంటుంది, కానీ వేసుకోవడం తేలికైపోయిందంటే ఇక మార్చే సమయం వచ్చిందని నేను కనిపెట్టాను. ఖర్చు తక్కువేమీ కాదు. ఆ మాట దాచను.

నా కాళ్లు చూసి మా అత్తయ్య గారు తనకూ ఒక జత కావాలన్నారు. ఆవిడకు ఇరవై ఏళ్లుగా షుగరు, పాదాలకు స్పర్శ తక్కువ. ముందు డాక్టర్‌కి చూపించాం. పాదానికి రక్తం తెచ్చే ధమనులే సన్నబడ్డాయని తేలింది. అలాంటి కాలిని పైనుంచి నొక్కితే వచ్చే కొద్ది రక్తమూ ఆగి పుండు పడుతుందట, స్పర్శ లేక నొప్పి కూడా తెలియదట. ఆవిడ వేసుకోవడం లేదు. అందుకే షుగరు ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు నా మాట విని కొనేయకండి, పరీక్ష చేయించుకోండి. ఎవరికైనా సరే వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి పుట్టినా వెంటనే తీసేయాలి. ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పి పెడితే సాక్స్ వెతుక్కోకుండా ఆస్పత్రికి వెళ్లాలి, అది రక్తం గడ్డ కావచ్చు. ఆయాసం కూడా ఉంటే అస్సలు ఆగకూడదు.

మా వదిన గారు పోయిన ఏడాది కూతురి పురిటికి డల్లాస్ వెళ్లారు. అంతసేపు విమానంలో కాళ్లు వేలాడేసి కూర్చోవాలి కదా అని ఆవిడ డాక్టర్‌ని అడిగి తక్కువ ఒత్తిడివి కొన్నారు. కాళ్లు వాయకుండా దిగారు. అక్కడి ప్యాకెట్ల మీద 15-20, 20-30, 30-40 అని ఉంటాయని, మన క్లాస్ 1, క్లాస్ 2 అంకెలతో సరిగ్గా కలవవని ఆవిడే చెప్పారు. పిల్లలతో అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లు క్లాస్ పేరు కాకుండా అంకె చూసి అడగండి.

నాలుగేళ్ల తర్వాత నా కాళ్ల సంగతి. పిక్క పట్టేయడం నెలకు ఒకసారి ఉంటే ఉంటుంది. వాపు సగానికి పైగా తగ్గింది. దురద పోయింది. నలుపు పోలేదు, కానీ పెరగలేదు. తేలిన సిరలు అలాగే ఉన్నాయి, సాక్స్ వాటిని మాయం చేయదు. పెళ్లికి వెళ్లి ఒక్కరోజు వేసుకోకపోయినా సాయంత్రానికి కాళ్లు బరువెక్కుతాయి. రెండు పొయ్యిల మధ్య ఇప్పుడు ఒక ఎత్తుపీట పెట్టుకున్నాను, ఉల్లిపాయలు కూర్చుని తరుగుతాను. కూర మగ్గుతున్నంతసేపు మునివేళ్ల మీద లేచి దిగుతూ ఉంటాను.

మొన్న మళ్లీ స్కాన్ చూసి, ఆ పాడైన సిరను లేజర్‌తో మూసేయొచ్చన్నారు. సంక్రాంతి పిండివంటల ఆర్డర్లు అయిపోయాక చేయించుకోవాలని నిర్ణయించుకున్నాం. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు ఇవి వేసుకోవాలన్నారు. ఎనిమిదో జత కోసం ఆదివారం పొద్దున టైలరమ్మ టేపుతోనే మళ్లీ కొలుచుకున్నాం. చీలమండ 22, పిక్క 38.