చేతి యూవీ-సి దీపం: మూడు వారాలు వాడాక

నాన్నకి కీమో మొదలుపెట్టిన రోజు డాక్టరు ఒక్క మాటే గట్టిగా చెప్పారు, ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోమని. ఆ టెన్షన్‌లోనే క్రిముల్ని చంపుతుందని అమ్మే ఈ అతినీలలోహిత (యూవీ) దీపం కొన్నాను. జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు. చేత్తో పట్టుకుని ఫోన్ మీద, తాళంచెవుల మీద, టీవీ రిమోట్ మీద తిప్పాలి. డబ్బా మీద "99.9 శాతం క్రిములు మాయం" అని పెద్ద అక్షరాలున్నాయి. ఎంత దూరంలో, ఎంతసేపు పెడితే మాయమవుతాయో ఎక్కడా లేదు. ఐదుకి రెండు స్టార్లు ఇస్తున్నాను.

ఆ రెండూ దీపం నిజమైనదైనందుకు. ఈ పేరుతో అమ్మేవాటిలో కొన్నిట్లో ఉండేది 395 లేదా 405 నానోమీటర్ల (కాంతి తరంగం పొడవు) ఊదారంగు ఎల్‌ఈడీలే. చూడటానికి బాగుంటాయి కానీ క్రిముల మీద వాటి ప్రభావం చాలా తక్కువ. ఇందులో పాదరసపు ట్యూబు ఉంది, 254 నానోమీటర్లు. యూవీ-సి తగిలితే రంగు మారే టెస్ట్ కార్డు తెప్పించి చూశాను. రెండు సెంటీమీటర్ల ఎత్తులో పది సెకన్లకు రంగు మారింది. పదిహేను సెంటీమీటర్లకు లేపితే నిమిషం దాటినా పూర్తిగా మారలేదు. మధ్యలో మామూలు గాజు పలక అడ్డం పెడితే అసలు మారలేదు. రిమోట్ బటన్ల సందుల్లో కార్డు ముక్క దూర్చి చూస్తే నీడ పడ్డ చోట తెల్లగానే ఉండిపోయింది. ఈ కాంతి నేరుగా తగిలినచోటే పనిచేస్తుంది. మురికి కింద, మడతల్లో దాగిన క్రిమిని ముట్టుకోదు.

మన కళ్ళకు కనిపించేది సుమారు 380 నుంచి 750 నానోమీటర్ల దాకానే. ఊదారంగుకు అవతల అతినీలలోహితం, అందులో 280 కంటే పొట్టి తరంగాలు యూవీ-సి. సూర్యుడి నుంచి వచ్చే యూవీ-సి నేల దాకా రాదు, పైన ఓజోను, ఆక్సిజను మింగేస్తాయి. అందుకే క్రిమికైనా మన కంటికైనా ఈ కాంతి అలవాటు లేదు. క్రిమి డీఎన్‌ఏ దీన్ని పీల్చుకున్నప్పుడు అందులో పక్కపక్కన ఉన్న థైమీన్లు (డీఎన్‌ఏ గొలుసులోని ఒక రకం ముక్కలు) ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఇక అది తన నకలు తీసుకోలేదు. మన కణాల్లోనూ డీఎన్‌ఏ అదే.

పదకొండో రోజు సాయంత్రం నాన్న కళ్ళద్దాలు, నావి కలిపి అల్యూమినియం పళ్ళెంలో పెట్టి దీపం తిప్పాను. నాకు దూరపు చూపు తక్కువ. అద్దాలు తీసేశాను కాబట్టి బాగా వంగి, దగ్గరగా చూస్తూ చేశాను. దీపాన్ని పైకి తిప్పితే ఆరిపోయే సెన్సార్ ఉంది, అది బాగానే పనిచేస్తోంది. దీపం కిందికే ఉంది. కానీ అల్యూమినియం యూవీ-సిని అద్దంలా వెనక్కి కొడుతుంది. మూడు, నాలుగు నిమిషాలు ఆ వెలుగు నా మొహం మీద పడుతూనే ఉంది. కాస్త నీలంగా మెరిసేదే తప్ప, వేడి లేదు, మంట లేదు.

అర్ధరాత్రి దాటాక రెండు కళ్ళలో ఇసుక పోసినట్టయింది. రెప్ప తెరిస్తే నీళ్ళు, మూస్తే మంట. నాన్నకి మందులివ్వాల్సిన వేళ సీసా మీద పేరు చదవలేకపోయాను. పొద్దున్నే కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే అడిగిన మొదటి ప్రశ్న "ఎక్కడైనా వెల్డింగ్ చూశారా?" అని. వెల్డింగ్ మంటలోనూ ఈ కిరణాలే ఉంటాయట. కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) పైభాగం కాలింది, దాని పేరు ఫోటోకెరటైటిస్. దెబ్బ తగిలిన కొన్ని గంటల తర్వాత గానీ తెలియదు. చుక్కల మందు వేసి, చీకటి గదిలో పడుకున్నాను. రెండో రోజుకి తగ్గింది. ఆ రెండు రోజులూ నాన్నే లేచి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చారు. అది నాకు కంటి మంట కన్నా ఎక్కువ బాధ అనిపించింది.

తర్వాత లెక్క చూశాను. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం 254 నానోమీటర్ల దగ్గర కంటికి ఎనిమిది గంటల్లో మొత్తం కలిపి చదరపు సెంటీమీటరుకు 6 మిల్లీజౌళ్ళకు మించి తగలకూడదు. చాలా బాక్టీరియాను చంపడానికి కావలసిన మోతాదు కూడా కొన్ని మిల్లీజౌళ్ళే. అంటే క్రిమిని చంపేంత పడిందంటే కంటికీ దెబ్బ తగిలేంత పడినట్టే. చేతిలో పట్టుకుని తిప్పే ఆకారమే ఈ కాంతికి తగినది కాదు.

మా అత్త వచ్చినప్పుడల్లా వైఫై రౌటర్ నాన్న గదిలో వద్దు, రేడియేషన్ అంటుంది. నేనూ భయపడి తీసేశాను. వైఫైవి రేడియో తరంగాలు, పొడవు దాదాపు 12 సెంటీమీటర్లు. తరంగం ఎంత పొట్టిదైతే దాని శక్తి అంత ఎక్కువ. ఈ దీపపు ఒక్కో ఫోటాను (కాంతి రేణువు) శక్తి దానికి సుమారు ఐదు లక్షల రెట్లు. క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ రేడియో తరంగాలను 2011లో "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు" అనే 2బి జాబితాలో పెట్టింది. అతినీలలోహిత కిరణాలున్నది ఎక్స్‌రేలతో పాటు మొదటి జాబితాలో, అంటే క్యాన్సర్ కలిగిస్తాయని తేలినవాటిలో. రౌటర్‌ని బయటపెట్టి ఈ దీపాన్ని నాన్న మంచం పక్కకి నేనే తెచ్చాను.

నాకు నిజంగా కోపం తెప్పించింది దీంతో ఇచ్చిన పుస్తకం. అందులో నాలుగో బొమ్మ, అరచేతి మీద దీపం తిప్పుతున్న బొమ్మ! చేతుల్నిగానీ చర్మాన్నిగానీ యూవీ దీపంతో శుభ్రం చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. అమెరికాలో మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో ఇలాంటి కొన్ని చేతి దీపాలు వాడొద్దని హెచ్చరించింది. ఈ పుస్తకంలో కళ్ళకు అద్దాలు పెట్టుకోమని ఒక్క వాక్యం కూడా లేదు. మామూలు కళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నా నాకు చాలావరకు దెబ్బ తగ్గేది.

మూత తీయగానే ఆరిపోయే పెట్టె రకం దొరుకుతుంది. ఫోన్, థర్మామీటర్ లాంటివి అందులో పెడుతున్నాను. కళ్ళద్దాలు సబ్బునీళ్ళతో కడుగుతున్నాను. ఈ దీపంలో పాదరసం ఉంది కాబట్టి చెత్తబుట్టలో వేయలేదు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవాళ్ళకి ఇవ్వడానికి గుడ్డలో చుట్టి పెట్టాను. కంపెనీకి ఆ నాలుగో బొమ్మ తీసేయమని, దూరం, సమయం డబ్బా మీద వేయమని రాశాను. జవాబు వస్తే ఇక్కడే చేరుస్తాను.