రస్ట్‌డెస్క్: సొంత సర్వర్‌తో ఏడాది వాడకం

మా ఆడిటింగ్ కార్యాలయంలోని పన్నెండు కంప్యూటర్లను ఇంటి నుంచి చూసుకోవడానికి, దూరంలోని కంప్యూటర్ తెరను మన తెరపై చూస్తూ నడిపే సాఫ్ట్‌వేర్ అయిన రస్ట్‌డెస్క్‌ను ఏడాదిగా వాడుతున్నాను. ఇది ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండేది) కావడం, రెండు కంప్యూటర్లను కలిపే మధ్యవర్తి సర్వర్‌ను మనమే నడుపుకొనే వీలుండడం నన్ను ఆకట్టుకున్నాయి. ఖాతాదారుల లెక్కలు కనిపించే తెర ఎవరి సర్వర్ మీదుగా వెళుతోందన్నది మాకు చిన్న విషయం కాదు.

మొదటి వారం మాత్రం చాలా ఇబ్బంది పడ్డాను. ప్రతి యంత్రానికీ రస్ట్‌డెస్క్ ఇచ్చే గుర్తింపు సంఖ్యను, అంటే ఐడీని, సరిగ్గా కొట్టినా అవతలి యంత్రం ఆఫ్‌లైన్‌లో ఉన్నట్టే చూపేది. ఫైర్‌వాల్‌లో 21116 పోర్టును (నెట్‌వర్క్ రాకపోకల ద్వారం) టీసీపీకి తెరిచి, డేటా పంపే మరో పద్ధతైన యూడీపీకి తెరవలేదని రెండు రోజులకు గానీ తేలలేదు. ఐడీ నమోదు, యంత్రం పనిచేస్తోందన్న సంకేతం యూడీపీ మీదే వెళతాయి. రిలేకు, అంటే నేరుగా కలవలేనప్పుడు సర్వర్ మీదుగా డేటా పంపడానికి, 21117 కూడా తెరవాలి. కీ సరిపోలలేదన్న సందేశం వస్తే, సర్వర్‌లోని పబ్లిక్ కీని (సర్వర్‌ను గుర్తించే అక్షరాల వరుస) చివరి సమాన గుర్తుతో (=) సహా క్లయింటులో, అంటే మన కంప్యూటర్‌లోని రస్ట్‌డెస్క్‌లో, అతికించాలి.

విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ కోసం 3389 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచడం కంటే ఈ పద్ధతి నాకు ఎంతో నిశ్చింతగా ఉంది. అయినా ప్రతి యంత్రానికీ వేర్వేరు పొడవాటి శాశ్వత పాస్‌వర్డ్ పెట్టి, రెండంచెల ధ్రువీకరణను ఆన్ చేసి, అవసరం లేనిచోట ఫైల్ బదిలీ అనుమతిని తీసేశాను. బ్యాంకు అధికారులమంటూ ఫోన్ చేసేవారికి ఐడీ చెప్పవద్దని సిబ్బందికి కాగితంపై రాసి మానిటర్ల పక్కనే అతికించాను.

లినక్స్‌లో తెరపై బొమ్మను చూపే వ్యవస్థగా వేలాండ్ వాడేవారికి లాగిన్ తెర రస్ట్‌డెస్క్‌తో దూరం నుంచి అందదు, అలాంటిదే మరో పాత వ్యవస్థ అయిన ఎక్స్11కు మారాల్సిందే.