లఫయెట్‌లో బస, శనివారం పొద్దున్న యూనిస్

హ్యూస్టన్ నుంచి ఐ-10 మీద తూర్పుకి వెళ్తే మూడున్నర గంటల్లో లూసియానాలోని లఫయెట్ వస్తుంది. న్యూ ఓర్లీన్స్ వెళ్ళే మనవాళ్ళు అక్కడ గ్యాస్ కొట్టించుకుని, కాఫీ తాగి సాగిపోతారు. మేము మాత్రం ఆ ఊరి కోసమే వెళ్ళాం. కారణం అక్కడి ఫ్రెంచి పాటలు పాడే బోసొలే అనే బ్యాండ్ మీద నాకున్న పిచ్చి. రాజమండ్రి నుంచి వచ్చిన మా మామగారు కచేరీల మనిషి కాబట్టి ఆయనా బయలుదేరారు.

1975లో మైకేల్ డూసే మొదలుపెట్టిన బ్యాండ్ ఇది. పాటా ఆయనదే, ఫిడేలూ ఆయనదే. బోసొలే అన్నది జోసెఫ్ బ్రూసార్డ్‌కి ఉన్న మారుపేరు. 1755లో ఇంగ్లీషువాళ్ళు ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతంలో ఉండే అకాడియన్లనే ఫ్రెంచి రైతులను ఓడలెక్కించి వెళ్ళగొడితే ఎదురు తిరిగినవాడాయన. 1765లో తనవాళ్ళను లూసియానాకు చేర్చి, ఆ ఏడే పోయాడు. అలా వచ్చినవాళ్ళ సంతతే కేజన్లు. 1921 నుంచి బళ్ళలో ఇంగ్లీషే నడవాలన్నారు. ఫ్రెంచి మాట్లాడిన పిల్లలకు దెబ్బలు పడ్డాయి. భాషతో పాటు పాటా మోటుదైపోయింది. 1964లో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో డ్యూయీ బాల్ఫా, ఆయన తోటి కేజన్ కళాకారులు వాయించిన పాటకి జనం నీరాజనం పట్టాక గానీ సొంత ఊళ్ళో విలువ తెలియలేదు. డూసే ప్రభుత్వ సాయం తీసుకుని డెనిస్ మెగీ, కాన్రే ఫాంటెనో లాంటి పెద్దల దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. తర్వాత బ్యాండ్‌కి రెండు గ్రామీలు వచ్చాయి. నన్నడిగితే ఆ గ్రామీలకన్నా ఆ శిష్యరికమే గొప్ప.

అందుకే బోసొలే కచేరీ లేదని ప్రయాణం మానుకోకండి. ఆ పాటను దగ్గరగా వినే చోటు వేరే ఉంది: లఫయెట్‌కి వాయవ్యంగా, ముప్పావు గంట దూరంలోని యూనిస్. ఊరి బయట హైవే పక్కన మార్క్ సవోయ్ నడిపే వాద్యాల దుకాణం. ఆయన అకార్డియన్లు స్వయంగా తయారుచేస్తాడు. శనివారం పొద్దున్న అక్కడ ఎవరైనా వచ్చి వాయించవచ్చు. టికెట్ లేదు, మైకు లేదు. ఒక్కటే కట్టుబాటు, తాళం వేసే ఇనుప ట్రయాంగిళ్ళు ఒకేసారి రెండు మోగకూడదు. ఎందుకో ఆ ఇనుప మోత గదిలో విన్నాక మీకే తెలుస్తుంది.

మామగారు ఫిడేలు వాళ్ళ వెనకే కుర్చీ వేయించుకున్నారు. ఒకాయన పాట వరస వాయిస్తుంటే, పక్కాయన రెండు తీగల మీద కమాను కొట్టుకుంటూ లయ పట్టాడు. కేజన్ ఇళ్ళలో రెండు ఫిడేళ్ళ పద్ధతి ఇదే. అకార్డియన్‌కి పది మీటలే. తిత్తి నొక్కితే ఒక స్వరం, లాగితే ఇంకొకటి. మన నాటకాల హార్మోనియంకి పల్లెటూరి బావమరిదిలా ఉంది. "అల్లుడుగారూ, ఈ పెట్టెలో అన్ని స్వరాలూ పలకవండీ, అయినా పాట ఆగట్లేదు చూడండి!" అన్నారాయన. నిజమే, లేని స్వరాలను గొంతూ ఫిడేలూ చూసుకుంటాయి.

యూనిస్ దగ్గర్లోని మమూ అనే ఊళ్ళో ఫ్రెడ్స్ లౌంజ్‌లో పాట కూడా శనివారం పొద్దున్నే. 1946 నాటి బార్. అక్కడి పాట రేడియోలో నేరుగా వస్తుంది, జనం పొద్దున్నే బీరు పట్టుకుని వాల్ట్జ్ ఆడతారు. స్నేహితులతో అయితే సరే, పిల్లలూ పెద్దలూ ఉంటే యూనిస్‌లోనే ఆగండి. మధ్యాహ్నం అక్కడి నేషనల్ పార్క్ వాళ్ళ ప్రేరీ అకాడియన్ కేంద్రం చూడొచ్చు, ఉచితం. పక్కనే లిబర్టీ థియేటర్, 1924 నాటిది. శనివారం సాయంత్రాల కేజన్ కార్యక్రమానికి పేరు.

లఫయెట్‌లో వర్మిలియన్‌విల్ అనే పాతకాలపు ఊరి నమూనాకి టికెట్ ఉంది కానీ పాత ఇళ్ళ మధ్య తిరగడానికి బాగుంటుంది, ఆదివారం మధ్యాహ్నం డాన్సు పెడతారు. వెళ్ళేముందు పక్కనున్న అకాడియన్ కేంద్రంలో ఆ వలస మీద సినిమా చూడండి, లేకపోతే ఆ ఇళ్ళు ఉత్త బొమ్మరిళ్ళే. సెయింట్ మార్టిన్‌విల్‌లో ఒక ఓక్ చెట్టుని, ఆ వలస మీద లాంగ్‌ఫెలో రాసిన కావ్యంలోని నాయిక పేరుతో ఎవాంజలీన్ చెట్టు అంటారు, ఫోటో దిగి వచ్చేశాం.

బస సంగతి. హైవే పక్క హోటల్ చవగ్గా వచ్చిందని తీసుకున్నాం. రాత్రంతా ట్రక్కుల మోత, పొద్దున్నే ఎండిపోయిన వాఫుల్స్. రెండో చోటు డౌన్‌టౌన్‌లో ఒక ఇల్లు. కాస్త ఖరీదే గానీ నడిచి వెళ్ళి పాట వినొచ్చు. పెద్దవాళ్ళుంటే మేడ మెట్లున్నాయేమో ముందే అడగండి. కారు మాత్రం తప్పనిసరి. యూనిస్ వైపు క్యాబ్‌ని నమ్ముకుని వెళ్తే అక్కడే ఉండిపోతారు.

తిండి దగ్గర శాకాహారులకు కష్టకాలమే. బీన్సూ అన్నం అన్నా అందులో సాసేజ్ ఉంటుంది, గుంబో అనే వాళ్ళ చిక్కటి పులుసులో మాంసం నీళ్ళుంటాయి. అన్నం మాత్రం ఎక్కడ చూసినా దొరుకుతుంది, చుట్టూ వరిపొలాలేగా. మామగారికి పులిహోర, పెరుగు పట్టుకెళ్ళాం. నేను మటుకు ఒక గ్యాస్ స్టేషన్‌లో వేడివేడి బూడాన్ తిన్నాను, పందిమాంసమూ అన్నమూ కూరిన సాసేజ్ అది. అక్కడి రెస్టారెంట్లన్నిటికన్నా అదే నయం.

ఆగస్టులో వెళ్ళకండి, ఉక్కపోతకు విజయవాడ గుర్తొస్తుంది. అక్టోబరులో గిరార్డ్ పార్కులో కేజన్ ఉత్సవం, ఏప్రిల్ చివర డౌన్‌టౌన్‌లో అంతర్జాతీయ ఉత్సవం, రెండూ ఉచితమే. ఆ వారాల్లో గదుల ధరలు మండిపోతాయి, నెలల ముందే తీసుకోవాలి. పార్కుకి మడత కుర్చీలు మీరే పట్టుకెళ్ళండి.