అరిస్టాటిల్‌ని ఇబ్న్ సీనా చదివిన తీరు, ఇబ్న్ రుష్ద్ చదివిన తీరు

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్‌ని లోతుగా చదివిన ముస్లిం తత్త్వవేత్తలు ఇబ్న్ సీనా, ఇబ్న్ రుష్ద్. ఇద్దరికీ గ్రీకు రాదు. చేతిలో ఉన్నవి అరబ్బీ అనువాదాలే. దారులు మాత్రం వేరు.

ఇబ్న్ సీనా (980–1037) వ్యాఖ్యానాల జోలికి పెద్దగా పోలేదు, 'షిఫా' అనే తన పెద్ద తత్త్వగ్రంథంలో సొంత వ్యవస్థే కట్టాడు. ఒక వస్తువు ఏమిటన్నది వేరు, అది ఉందా లేదా అన్నది వేరు అంటాడు. గుర్రమంటే ఏమిటో చెప్పినంత మాత్రాన గుర్రం ఉన్నట్టు కాదు, ఉండటానికి కారణం కావాలి. ఆ కారణాల వరుస దేనిమీదా ఆధారపడని ఉనికి దగ్గర ఆగాలి, అదే దేవుడు. పదునైన వాదమే, కానీ అరిస్టాటిల్‌లో ఈ రూపంలో లేదు. దేవుడి నుంచి పది బుద్ధులు (శరీరం లేని, ఆలోచించే సత్తాలు) వరుసగా వెలువడతాయన్న సిద్ధాంతం అతనికి అంతకు ముందరి తత్త్వవేత్త ఫారాబీ నుంచి అందింది. దాని వేళ్లు అరిస్టాటిల్ తర్వాతి కాలపు తత్త్వవేత్త ప్లొటైనస్‌లో ఉన్నాయి. ప్లొటైనస్ రచనల భాగాలు అరబ్బీలో 'అరిస్టాటిల్ థియాలజీ' పేరుతో చలామణీ కావడంతో ఏది అరిస్టాటిల్‌దో ఏది కాదో తికమక మొదలైంది.

ఇబ్న్ రుష్ద్ (1126–1198) ఆ కలగలుపునే విడదీయబోయాడు. మూలాన్ని భాగం వెంట భాగం ఉటంకిస్తూ అరిస్టాటిల్ ఐదు గ్రంథాలకు బృహద్వ్యాఖ్యలు రాశాడు. అరిస్టాటిల్ 'పాలిటిక్స్' దొరక్కపోతే ప్లేటో 'రిపబ్లిక్' పట్టుకున్నాడు. దేవుణ్ని ఇబ్న్ సీనాలా ఉనికి నుంచి కాక, చలనం నుంచే నిరూపించాలంటాడు. తత్త్వవేత్తల మీద మతపండితుడు గజాలీ 20 అంశాల్లో చేసిన దాడి చాలాచోట్ల తగిలేది ఇబ్న్ సీనాకే తప్ప అరిస్టాటిల్‌కి కాదన్నాడు.

మూలం అర్థం కావాలంటే ఇబ్న్ రుష్దే మేలు. అయినా ముస్లిం మదరసాల్లో నిలిచింది ఇబ్న్ సీనా. ఇబ్న్ రుష్ద్‌కి పాఠకులు ఎక్కువగా హీబ్రూ, లాటిన్‌లలోనే దొరికారు.