ఏడేళ్లుగా గింజల నుంచే పూల మొక్కలు: దేవరకొండ నుంచి నా అనుభవం

మా పెరట్లో మొదటిసారి కనకాంబరం గింజలు పోసింది 2018 తొలకరిలో. అంతకుముందు ఏడాది నర్సరీ నుంచి తెచ్చిన పద్నాలుగు మొక్కల్లో ఎండాకాలం దాటింది మూడే. చచ్చినవాటిని పీకి చూస్తే వేళ్ల చుట్టూ నర్సరీ కొబ్బరి పొట్టు ముద్ద ముద్దగానే ఉంది. వేరు మా ఎర్ర చెల్క నేలలోకి దిగనే లేదు. రోహిణి కార్తెలో 43 డిగ్రీలు కాస్తే ఆ మొక్క ఏం తట్టుకుంటుంది?

"గింజ పోస్తే ఎన్నడు పూస్తది బిడ్డా, మొక్కలే తెచ్చుకోరాదు?" అంది మా అత్తమ్మ. ఆలస్యం మాట నిజమే. కానీ ఏళ్ల తరబడి ఉండే పూల మొక్కలకు మన నేలల్లో గింజే మేలని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. ఆ ఏడాది గింజ నుంచి లేచిన కనకాంబరాల్లో రెండు ఇవాళ్టికీ పూస్తున్నాయి.

కనకాంబరం గింజ తీయడం చూసి తీరాలి. బాగా ఎండిన కంకి కోసి పళ్లెంలో పెట్టి నాలుగు చుక్కల నీళ్లు చల్లండి. కాసేపు ఏమీ కాదు. తర్వాత టప్, టప్ మంటూ కాయలు పగిలి గింజలు ఎగిరిపడతాయి. అందుకే నేను పల్చటి గుడ్డ కప్పి చల్లుతాను. మా చిన్నోడు చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. గింజ తాజాగా ఉండాలి, ఏడాది దాచినది నాకు సరిగా మొలవలేదు. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల పెంట సమంగా కలిపి మృగశిరలో పోస్తాను. మొలకకు రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా మట్టి ఆరకూడదు, నీళ్లు నిలవకూడదు. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, కుండీల అంచున తెల్లగా పేరుకుంటుంది. అందుకని నారుకు మాత్రం డ్రమ్ములో పట్టిన వాన నీళ్లే పోస్తాను. నాలుగైదు నెలలకు మొదటి పూలు వస్తాయి. ఒక్క సంగతి: ఢిల్లీ కనకాంబరం అనే రకం గింజ కట్టదు. దానికి కొమ్మ నాటాల్సిందే.

మూడో ఏడు పెద్ద దెబ్బ తగిలింది. పచ్చగా ఉన్న మడిలో సగం మొక్కలు పసుపుబారి వాడిపోయాయి. నీళ్లు చాలక అనుకుని ఇంకా పోశాను, తప్పు చేశాను. పీకి చూస్తే వేళ్ల నిండా బుడిపెలు. అది నులిపురుగు పని, అంటే మట్టిలో ఉండి వేళ్లలోకి చేరే, కంటికి ఆనని సన్నటి పురుగు. ఆ మడిలో ఒక పంటకాలం బంతి వేసి, వేప పిండి కలిపి, కనకాంబరాన్ని పెరటి అవతలి పక్కకు మార్చాను. బంతి వేళ్లు నులిపురుగును అణచిపెడతాయి. అప్పటి నుంచి ఏటా మడి మారుస్తున్నాను, ఆ బాధ మళ్లీ రాలేదు.

రంగురంగుల ప్యాకెట్లలో వచ్చే లావెండర్, డెల్ఫినియం కూడా మూడుసార్లు ప్రయత్నించాను. చలికాలంలో మొలిచాయి, మార్చి దాటలేదు. అవి చల్లటి దేశాల మొక్కలు, ఇక్కడ వాటి మీద డబ్బు పెట్టకండి.

శంఖుపువ్వు గింజ పెంకు గట్టిది. గరుకు కాగితం మీద ఒకసారి రుద్ది రాత్రి నానబెడితే వారంలో మొలుస్తుంది. బిళ్ళగన్నేరుకు నీళ్లు తక్కువైనా పర్వాలేదు, ఎక్కువైతే వేరు కుళ్లుతుంది. చంద్రకాంత ఎండాకాలంలో పైన ఎండిపోతుంది గానీ లోపల దుంప బతికే ఉంటుంది, మొదటి వానకు లేస్తుంది. సాయంత్రం నాలుగు దాటాక విచ్చుకునే ఆ పూలంటే నాకు ప్రాణం. దాని గింజలు అచ్చం మిరియాల్లా ఉంటాయి, కానీ విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో జాగ్రత్త.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కష్టపెట్టింది తంగేడు. తెలంగాణ రాష్ట్ర పుష్పం, గుట్ట మీద ఎవరూ నీళ్లు పోయకుండానే పెరుగుతుంది కదా అనుకున్నాను. రోడ్డు పక్క ఎండుకాయలు తెచ్చి కవర్లలో పోస్తే రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాతి ఏడు వేడి నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టాను. మొలిచాయి, కానీ కవర్లోంచి తీసి నాటినవన్నీ పోయాయి. తల్లివేరు తెగితే అది బతకడం కష్టం. మూడోసారి గేటు పక్కన గుంత తీసి నేరుగా గింజే పెట్టాను. ఐదు మొలిస్తే రెండు నిలిచాయి. నడుమెత్తు అయ్యేదాకా పూయలేదు.

పోయిన బతుకమ్మకు అత్తమ్మ పొద్దున్నే లేచి, ఎవరినీ గుట్టకు పంపకుండా, గేటు దగ్గర నిలబడి ఒక్కో గుత్తీ తెంపి పళ్లెంలో పేర్చింది. "కొన్ని కొమ్మకే ఉండనియ్యి, గింజ కావాలె" అంది.