స్పానిష్‌లో ఆఫీసు పరిచయం: స్పానిష్ నేర్పే ఒక యాప్‌ని ఏడాదికి పైగా వాడాక

పదాలూ గ్రామరూ ఏ యాప్ అయినా నేర్పుతుంది, వాటి జోలికి వెళ్లను. నేను డబ్బు కట్టింది ఒక్క ఫీచర్ కోసం. మనం మాట్లాడింది రికార్డు చేసి, వాళ్ల నమూనా గొంతుతో పోల్చి, తేడా ఉన్నచోట ఎర్రగా చూపిస్తుంది. మా క్లయింటు మెక్సికోలోని గ్వాదలహారాలో ఉంది, నేను ఇక్కడ హైదరాబాద్‌లో టెస్టింగ్ చూస్తాను. అటువైపు కొత్తవాళ్లు చేరినప్పుడల్లా పరిచయం తప్పదు, అది వాళ్ల భాషలో చెబితే మిగతా కాల్ ఎంత తేలిగ్గా నడుస్తుందో!

మొదట్లో ఆ రికార్డింగ్ అంటే ప్రాణం. ఇంగ్లీషు అలవాటుకొద్దీ ట, డ వచ్చేచోట త, ద పలికించింది. అచ్చులు మన ఆ, ఎ, ఇ, ఒ, ఉలకి దగ్గరే కాబట్టి తెలుగులో రాసుకుని చదివినా పచ్చ రంగే వచ్చేది.

గొడవంతా ఉద్యోగ పరిచయం పాఠంలో. అక్కడ నమూనా గొంతు మగవాడిది, వాక్యం "సోయ్ ఎల్ ఎన్‌కార్గాదో దె ప్రూయెబాస్", టెస్టింగ్ బాధ్యత నాది అని. ఆడవాళ్లు "లా ఎన్‌కార్గాదా" అనాలి. తెలుగులో "నేను ఇంజినీర్ని" అని ఎవరైనా ఒకేలా చెప్పుకుంటాం, స్పానిష్‌లో మగవాళ్లయితే ఇంఖెనియేరో, మన ఆడవాళ్లమైతే ఇంఖెనియేరా. నేను సరిగ్గా చెప్పిన ప్రతిసారీ ఎర్ర గీత, మిమ్మల్ని కలవడం సంతోషం అనడానికి ఆడవాళ్లు చెప్పే "ఎన్‌కాంతాదా" అన్నా ఎర్ర గీతే, తర్వాతి పాఠం తెరుచుకోవాలంటే మగవాడిలా మాట్లాడాలి! సపోర్ట్‌కి రాస్తే నమూనాతో సరిపోలాలని జవాబు. నాకు ఒళ్లు మండిపోయింది, ఎందుకంటే అదే యాప్‌తో నేర్చుకున్న మా టీమ్ అమ్మాయి కాల్‌లో "ఎన్‌కార్గాదో" అనేసింది, యాప్ ఆమెకి పచ్చ ఇచ్చి మరీ నేర్పిన మాట అది. క్లయింటు మేడమ్ ఏమీ అనకుండా తన జవాబులో "ఎన్‌కార్గాదా" అని కలిపి చెప్పింది, ఆ పిల్ల మాత్రం మిగతా కాల్ అంతా నోరు విప్పలేదు.

తర్వాత ఆ మేడమే మాకు "ముచో గుస్తో" నేర్పింది, అదీ కలిసినందుకు సంతోషం అనే. ఆడా మగా ఎవరైనా అనొచ్చు, మెక్సికోలో ఎక్కువగా వినిపించేదీ అదే. యాప్ సంభాషణలన్నీ స్పెయిన్‌వి, పదిమందితో మాట్లాడేటప్పుడు "మీరు" అనడానికి "బొసోత్రోస్" అంటారు, మెక్సికోలో అది వాడరు, "ఉస్తేదెస్" అంటారు. ఇంజినీరింగ్ చదివిన ఆడవాళ్లని అక్కడ ఆఫీసులో "ఇంఖెనియేరా" అనే పిలుస్తారని కూడా యాప్‌లో ఎక్కడా లేదు.

ఇంకోటి, పచ్చ రంగు వచ్చిందంటే నమూనాకి దగ్గరగా ఉందని మాత్రమే, ఎదుటివాళ్లకి అర్థమవుతుందని కాదు. పైగా పేరు చెప్పేచోట యాప్ అసలు ఏమీ తనిఖీ చేయదు. మనకి కష్టం అక్కడే. స్పానిష్ పద్ధతిలో చదివితే విజయ్‌లో వ బ అవుతుంది, జ ఖ అవుతుంది. వాళ్లకి పేరు తర్వాత తండ్రి ఇంటిపేరు, ఆపైన తల్లి ఇంటిపేరు వస్తాయి కాబట్టి, ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్ల మెయిల్ చూసి చివరి ముక్కే ఇంటిపేరు అనుకుంటారు. పేరు రెండుసార్లు నిదానంగా చెప్పి, ఎలా పిలవాలో కూడా చెప్పేస్తే హాయి.

ఈమధ్య అప్‌డేట్‌లో మొదటి పాఠాలకి ఆడగొంతు పెట్టారు, ఉద్యోగం పాఠం మాత్రం అలాగే ఉంది. చందాలో సగం కంపెనీ ఇస్తోంది కాబట్టి నేను ఇంకా ఆపలేదు, తప్పు దిద్దే మేడమ్ కూడా దొరికింది. మీరు మగవాళ్లై స్పెయిన్ క్లయింటుతో పని చేస్తుంటే మీకు ఇవేవీ తగలకపోవచ్చు. నాలాంటివాళ్లయితే ఉచ్చారణ వరకు వాడుకుని, పరిచయం మటుకు మెక్సికో ట్యూటర్‌తో నేర్చుకోండి. గ్వాదలహారాకి మనకి పదకొండున్నర గంటల తేడా, మన రాత్రి ఎనిమిదికి వాళ్లకి పొద్దున ఎనిమిదిన్నర, ఆఫీసు అయ్యాక క్లాసు కుదురుతుంది.