ఒక విద్యార్థి వీసా కన్సల్టెన్సీ: కాగితాల్లో నేర్పు, వివరణలో లోటు

అమెరికాలో ఎం.ఎస్. సీటు వచ్చిన మా చెల్లెలి ఎఫ్-1 వీసా పనిని మేము ఒక కన్సల్టెన్సీకి అప్పగించాము. పత్రాల పరిశీలన, డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు నింపడం, విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ ‘సెవిస్’కు కట్టవలసిన 350 డాలర్ల రుసుము చెల్లింపు, ఇంటర్వ్యూ స్లాట్, నమూనా ఇంటర్వ్యూలు అన్నీ వారి ప్యాకేజీలో ఉన్నాయి. వీసా వచ్చింది. అయితే అందులో వారు చేసిపెట్టినది ఎంత, మేము స్వయంగా తెలుసుకోవలసి వచ్చినది ఎంత అన్నది తర్వాత వెళ్లేవారికి తెలియాలని ఈ సమీక్ష రాస్తున్నాను.

పత్రాల విషయంలో వారిని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. సీటు ఇచ్చినట్టు విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రంలో ఇంటిపేరు, పేరు తారుమారుగా పడిన సంగతిని మొదటి రోజే పట్టుకుని, విశ్వవిద్యాలయానికి మెయిల్ పెట్టించి సరిదిద్దించారు. ఐ-20లో చూపిన మొదటి ఏడాది ఖర్చుకు రుణ మంజూరు పత్రం, బ్యాంకు స్టేట్‌మెంటు కలిపి సరిపోతున్నాయో లేదో మా ముందే కూడి చూపించారు. పక్క బల్ల దగ్గర బ్రిటన్‌కు వెళ్లబోయే ఒక విద్యార్థికి, కావలసిన సొమ్ము దరఖాస్తు రోజున ఖాతాలో ఉంటే చాలదనీ, వరుసగా 28 రోజులు తగ్గకుండా నిలిచి ఉండాలనీ ఓపికగా చెప్పడం కూడా విన్నాను.

చిక్కు డీఎస్-160 దగ్గర వచ్చింది. దరఖాస్తు సమర్పించడానికి ముందు రోజు రాత్రి, మా చెల్లెలు ఐ-20 పక్కన పెట్టుకుని ఒక్కొక్క గడి చదువుతుంటే, ఎన్ అక్షరంతో మొదలై పది అంకెలుండే సెవిస్ సంఖ్యలో 6 ఉండవలసిన చోట 9 కనిపించింది. అంకె తప్పు ఎవరికైనా పడుతుంది. నన్ను కలవరపెట్టింది మరొకటి: ఈ దరఖాస్తు నింపడంలో ఎవరైనా సహాయం చేశారా అన్న ప్రశ్నకు వారు ‘లేదు’ అని పెట్టారు. అడిగితే, అందరికీ అలాగే పెడతామన్నారు. దరఖాస్తు ఎవరు నింపినా ఎలక్ట్రానిక్ సంతకం అభ్యర్థిదే, అందులోని ప్రతి మాటకూ జవాబుదారీ అభ్యర్థే. పట్టుబట్టి రెండూ మార్పించాము.

అమెరికా వలస చట్టంలోని 214(బి) ప్రకారం, అభ్యర్థి అక్కడే స్థిరపడే ఉద్దేశంతో వస్తున్నట్టే అధికారి మొదట భావిస్తారు. కాదని నమ్మించవలసిన బాధ్యత అభ్యర్థిది. నమూనా ఇంటర్వ్యూలో ఈ సంగతి చెప్పకుండా, అచ్చు వేసిన జవాబులు చేతిలో పెట్టారు. ఈ విశ్వవిద్యాలయమే ఎందుకన్న ప్రశ్నకు మా చెల్లెలి జవాబు, ఆమె తర్వాత కూర్చున్న అబ్బాయి జవాబు, విశ్వవిద్యాలయం పేరు తప్ప, పొల్లు పోకుండా ఒకటే. ఇంటికి వచ్చాక ఆ కాగితం పక్కన పడేసి, డిగ్రీలో చేసిన ప్రాజెక్టు నుంచి ఈ కోర్సు దాకా ఎలా వచ్చావో మామూలు మాటల్లో చెప్పమన్నాను. కౌంటరు దగ్గర అధికారి అడిగినదీ దాదాపు అదే.

అన్నిటికంటే పెద్ద లోటు, వీసా అంటే ఏమిటో ఒక్కరూ వివరించకపోవడం. పాస్‌పోర్టులో అతికించే వీసా ఆ దేశపు సరిహద్దు దగ్గర ప్రవేశం కోరడానికే పనికివస్తుంది. లోపల ఎంతకాలం, ఏ షరతులపై ఉండవచ్చునన్నది దేశంలో అడుగుపెట్టినప్పుడు నమోదయ్యే ఐ-94 అనే ప్రవేశ రికార్డు, ఐ-20 మీద ఆధారపడుతుంది. తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలు మించరాదనీ, సెలవులకు దేశం దాటి తిరిగి రావాలంటే ఐ-20 రెండో పేజీలో విశ్వవిద్యాలయ అధికారి సంతకం ఉండాలనీ ఆమె అమెరికా ప్రభుత్వపు ‘స్టడీ ఇన్ ద స్టేట్స్’ వెబ్‌సైటులో చదివి తెలుసుకుంది. ఐ-20లోని ప్రారంభ తేదీకి 30 రోజుల కంటే ముందు అడుగుపెట్టరాదన్న నియమమూ అక్కడే కనిపించింది. కన్సల్టెన్సీ వారు సూచించిన విమానం 34 రోజుల ముందుది.

పత్రాల పరిశీలనకు అయిదుకు నాలుగు మార్కులు, మిగతా వాటికి ఒకటి ఇస్తాను. పత్రాల పరిశీలనను విడిగా తీసుకునే వీలు వారి దగ్గర ఉంది. వచ్చే ఏడాది మా తమ్ముడికి అంతవరకే తీసుకుంటాము. డీఎస్-160 తానే నింపుకుంటాడు.